డిస్ట్రోలు మార్చింది చాలు, ఇక కెర్నెల్ తెరవండి

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటే చాలా ఇష్టం. ఏడాదిగా ఉబుంటు, మింట్, ఫెడోరా, ఆర్చ్ లాంటి డిస్ట్రోలు (లినక్స్‌తో తయారుచేసి ఇచ్చే సిస్టమ్‌లు) అన్నీ వేసి చూశాను. డెస్క్‌టాప్ నాకు కావలసినట్టు మార్చుకోవడం బాగా వచ్చింది గానీ లోపల ఏం జరుగుతోందో తెలియడం లేదు. లినక్స్ సోర్స్ డౌన్‌లోడ్ చేసి తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాక మూసేశాను. సొంతంగా ఓఎస్ రాయాలనీ ఉంది. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 ఉన్నాయి. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. ఇదంతా టైమ్ వేస్ట్, డీఎస్‌ఏ (డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్) చేసుకో అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ ఇష్టంలో తప్పు లేదు. అది ఖర్చవుతున్న చోటే మార్చుకోవాలి. మీరు వేసి చూసిన నాలుగింటిలోనూ అడుగున నడిచేది ఒకటే లినక్స్ కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ నడిపించే మూల భాగం. ప్యాకేజీ మేనేజర్ వేరు, కొత్త వెర్షన్లు ఇచ్చే వేగం వేరు, ముందే పెట్టి ఇచ్చే డెస్క్‌టాప్ వేరు, అంతే. ఐదోది వేసినా మీకు మళ్లీ కనిపించేది పైపొరే. డెబియన్ స్టేబుల్ గానీ ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) గానీ ఒకటి వేసుకుని, చదువు అయ్యేదాకా దాన్ని కదపకండి.

లినక్స్ సోర్స్ చూసి బెదరడంలో వింత లేదు. అది మూడు కోట్ల వరుసలు దాటిన కోడ్, అందులో సగానికి పైగా డ్రైవర్లే. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయేది కాదది. లినస్ టోర్వాల్డ్స్ కూడా పెద్ద సిస్టమ్‌తో మొదలుపెట్టలేదు. 1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్నప్పుడు ఆయన ముందున్నది మినిక్స్. ఆండ్రూ టానెన్‌బామ్ పాఠాలు చెప్పడానికి 1987లో విడుదల చేసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అది. మీకూ అలాంటి చిన్నదే కావాలి, అదీ పూర్తిగా చదవగలిగేంత చిన్నది. ఈ జవాబులో మిగతా ఏది వదిలేసినా పర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం చేయండి.

ఆ చిన్న సిస్టమ్ పేరు ఎక్స్‌వీ6. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను నమూనాగా పెట్టుకుని ఎమ్‌ఐటీ వాళ్లు 2006లో తమ విద్యార్థుల కోసం రాశారు. ఇప్పుడున్నది రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద నడిచే రూపం. దాని కెర్నెల్ పదివేల వరుసలకు మించదు. ప్రాసెసులు, పేజ్ టేబుల్స్ (ఏ ప్రోగ్రామ్‌కు ఏ మెమరీ పేజీ అన్న పట్టికలు), ఫైల్ సిస్టమ్, లాకులు, పైపులు అన్నీ అందులోనే ఉన్నాయి, షెల్ విడి ప్రోగ్రామ్‌గా దానితోపాటే వస్తుంది. దాని కోడ్‌ను వివరించే పుస్తకం కూడా ఉచితంగా దొరుకుతుంది. డౌన్‌లోడ్ చాలా చిన్నది, మీ హాట్‌స్పాట్‌కు భారం కాదు. అసలు రిస్క్-ఫైవ్ బోర్డు కొనక్కర్లేదు, ఆ ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ పుష్కలం, ఎందుకంటే ఎక్స్‌వీ6 వాడుకునేది 128 ఎంబీ మాత్రమే. విండోస్‌ను కదపడం ఇష్టం లేకపోతే, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2లో కూడా ఇదంతా చేయొచ్చు.

కావలసినవి నాలుగు: రిస్క్-ఫైవ్ 64 కోసం జీసీసీ క్రాస్ కంపైలర్, దాని బైన్‌యుటిల్స్, రిస్క్-ఫైవ్ ఉన్న క్యూఈఎంయూ, డీబగ్ చేయడానికి జీడీబీ మల్టీఆర్క్. సోర్స్ ఫోల్డర్‌లో ‘మేక్ క్యూఈఎంయూ’ అంటే కంపైలై, షెల్ ప్రాంప్ట్ వస్తుంది. బయటికి రావాలంటే కంట్రోల్-ఏ నొక్కి వదిలి, ఎక్స్ నొక్కాలి. ఇది తెలియక టెర్మినల్‌నే మూసేస్తుంటారు చాలామంది. ఏమీ ప్రింట్ కాకుండా అలాగే నిలిచిపోతే మొదట క్యూఈఎంయూ వెర్షన్ చూడండి, పాతదైతే అలాగే జరుగుతుంది.

మొదటి వారం కోడ్ ఏమీ రాయకండి. ఒకే ఒక్క సిస్టమ్ కాల్‌ను (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పని అడిగే పిలుపు) చివరిదాకా వెంబడించండి. షెల్‌లో ఎకో కమాండ్ ఇస్తే అది రైట్ అనే సిస్టమ్ కాల్‌ను పిలుస్తుంది. యూజర్ వైపు ఉన్నది మూడే సూచనలు: ఏ7 రిజిస్టర్‌లో సిస్టమ్ కాల్ నంబరు పెట్టు, ఈకాల్ చెయ్యి, తిరిగి వచ్చెయ్. ఈకాల్ దగ్గర ప్రాసెసర్ సూపర్‌వైజర్ మోడ్‌లోకి మారి ట్రాంపొలిన్ అనే పేజీలోకి దూకుతుంది. అక్కడి కోడ్ యూజర్ రిజిస్టర్లన్నీ ట్రాప్‌ఫ్రేమ్ అనే చోట దాచుకుంటుంది, కెర్నెల్ పేజ్ టేబుల్‌కు మారుతుంది, యూజర్‌ట్రాప్ అనే ఫంక్షన్‌కు వస్తుంది. అక్కడ స్కాజ్ రిజిస్టర్ విలువ 8 అయితే వచ్చింది సిస్టమ్ కాల్ అని అర్థం. అప్పుడు ప్రోగ్రామ్ తిరిగి మొదలవ్వాల్సిన చిరునామాకు 4 కలుపుతారు. ఆ 4 ఎందుకో ఆలోచించండి. ఈకాల్ సూచన పొడవు నాలుగు బైట్లు. కలపకపోతే తిరిగి వెళ్లిన ప్రోగ్రామ్ మళ్లీ అదే ఈకాల్ మీద పడుతుంది, మళ్లీ కెర్నెల్‌లోకి వస్తుంది, అలా అంతులేకుండా. ఆ ఒక్క వరుస కామెంట్ చేసి నడిపి చూడండి. పరీక్షల కోసం బట్టీ పట్టిన ‘మోడ్ స్విచ్’ అప్పుడు కళ్లముందు కనిపిస్తుంది.

జీడీబీతో చూడాలంటే రెండు టెర్మినల్స్ తెరిచి, ఒకదాంట్లో ‘మేక్ క్యూఈఎంయూ-జీడీబీ’, రెండోదాంట్లో జీడీబీ మల్టీఆర్క్ నడపండి. జీడీబీ కనెక్ట్ కాకుండా ఖాళీగా కూర్చుంటే, ఫోల్డర్‌లోని డాట్-జీడీబీఇనిట్ ఫైలును భద్రత కోసం చదవలేదన్న మాట. హెచ్చరికలోనే ఒక ‘సేఫ్ పాత్’ వరుస చూపిస్తుంది, దాన్ని హోమ్ ఫోల్డర్‌లోని జీడీబీఇనిట్‌లో చేర్చాలి. ఇంకొకటి, మామూలుగా ఎక్స్‌వీ6 మూడు సీపీయూలతో నడుస్తుంది. డీబగ్ చేసేటప్పుడు సీపీయూల సంఖ్య 1 అని పెట్టుకోండి, లేకపోతే బ్రేక్‌పాయింట్ ఏ సీపీయూ మీద పడిందో తేల్చుకోవడానికే సాయంత్రం అయిపోతుంది.

రెండో వారం సొంతంగా ఒక సిస్టమ్ కాల్ చేర్చండి. ఎంత మెమరీ ఖాళీగా ఉందో చెప్పే ‘ఫ్రీమెమ్’ మంచి మొదటి పని. కేఅలాక్.సీ ఫైల్‌లో ఖాళీ పేజీలన్నీ ఒక లింక్‌డ్ లిస్ట్‌లో ఉంటాయి, ఒక్కో పేజీ 4096 బైట్లు. ఆ లిస్ట్ లాక్ పట్టుకుని, పేజీలు లెక్కపెట్టి, లాక్ వదిలి, సంఖ్య తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాయండి. దాని ప్రకటన డెఫ్స్.హెచ్‌లో పెట్టాలి. దాన్ని పిలిచే చిన్న ఫంక్షన్ సిస్‌ప్రోక్.సీలో రాయాలి. ఇప్పటికి 21 కాల్స్ ఉన్నాయి కాబట్టి సిస్‌కాల్.హెచ్‌లో మీ కాల్‌కు 22 ఇవ్వండి. సిస్‌కాల్.సీలోని పట్టికలో చేర్చండి. ఇక యూజర్ వైపు మూడు చోట్లు: యూజర్.హెచ్‌లో ప్రకటన, యూసిస్.పీఎల్‌లో ఎంట్రీ, మీ పరీక్ష ప్రోగ్రామ్ పేరు మేక్‌ఫైల్‌లోని యూప్రాగ్స్ జాబితాలో.

ఇన్ని చోట్ల ఏదో ఒకటి మర్చిపోతారు. ఏది మర్చిపోయారో వచ్చిన తప్పే చెబుతుంది. లింకర్ ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే యూసిస్.పీఎల్ ఎంట్రీ లేదు. నడిపినప్పుడు ‘అన్‌నోన్ సిస్ కాల్ 22’ అంటే సిస్‌కాల్.సీ పట్టికలో లేదు. షెల్ ‘ఎగ్జెక్ ఫెయిల్డ్’ అంటే మేక్‌ఫైల్‌లో ప్రోగ్రామ్ చేర్చలేదు. లాక్ పట్టుకుని వదలడం మర్చిపోతే ‘పానిక్: అక్వైర్’ లేదా ‘పానిక్: షెడ్ లాక్స్’ వచ్చి సిస్టమ్ ఆగిపోతుంది. పట్టుకున్న లాక్‌నే అదే సీపీయూ మళ్లీ అడిగిందనో, లాక్ చేతిలో ఉండగానే వేరే ప్రాసెస్‌కు దారి ఇవ్వబోయిందనో దాని అర్థం.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి లెక్క ఉంది. 128 ఎంబీ అంటే 32,768 పేజీలు. కెర్నెల్ తనకు వాడుకున్నవి పోగా మీకు వచ్చే సంఖ్య దానికి కాస్త తక్కువ ఉండాలి. ఇప్పుడు ఫోర్క్‌కు (ప్రాసెస్ తన నకలుగా పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే కాల్) ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, పిల్ల ప్రాసెస్ ముగిసి వెయిట్ తిరిగి వచ్చాక ఒకసారి ఫ్రీమెమ్ ప్రింట్ చేయండి. మొదటిదీ చివరిదీ ఒక్క పేజీ తేడా లేకుండా సమానం కావాలి. కాకపోతే ఎక్కడో మెమరీ లీకవుతోంది. ఎక్స్‌వీ6తో వచ్చే యూజర్‌టెస్ట్స్ కూడా లీకులు పట్టుకునేది ఇలాగే.

ఇదే పనిముట్టుతో మూడో నాలుగో వారాల్లో అసలైన పని చేయొచ్చు. ఎక్స్‌వీ6 ఫోర్క్ చేసిన ప్రతిసారీ తల్లి ప్రాసెస్ పేజీలన్నీ కాపీ చేస్తుంది. లినక్స్ అలా చేయదు. పేజీలను ఇద్దరికీ కలిపి చదవడానికి మాత్రమే ఇచ్చి, ఎవరైనా రాయబోయినప్పుడే ఆ ఒక్క పేజీ కాపీ చేస్తుంది. దీన్నే కాపీ-ఆన్-రైట్ అంటారు. దాన్ని ఎక్స్‌వీ6లో మీరు రాయండి. ప్రతి పేజీకీ ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టాలి, పేజ్ ఫాల్ట్ (ఆ పేజీలో రాసే అనుమతి లేదని ప్రాసెసర్ ఆపడం) వచ్చినప్పుడు కాపీ చేయాలి, లెక్క సున్నా అయ్యాకే పేజీ వదలాలి. ఎక్కువమంది ఇరుక్కునేది కాపీఅవుట్ అనే ఫంక్షన్ దగ్గర. కెర్నెల్ తానే యూజర్ పేజీలోకి రాసే చోటు అది. అక్కడ యూజర్ ప్రోగ్రామ్ రాసినప్పుడు వచ్చే పేజ్ ఫాల్ట్ రాదు కాబట్టి, కాపీ చేసే తర్కం విడిగా పెట్టాలి. పెట్టకపోతే మామూలు ప్రోగ్రాములన్నీ బాగానే నడిచి, పైపు నుంచో ఫైల్ నుంచో చదివేవి మాత్రం విఫలమవుతాయి, పాత వెర్షన్ అయితే తప్పు డేటా చూపిస్తాయి. అయ్యాక ఫ్రీమెమ్‌తో మళ్లీ కొలవండి. ఫోర్క్‌కు ముందూ వెనకా తేడా బాగా తగ్గాలి.

నెల నుంచి ఆరు వారాలు పడుతుంది. సెమిస్టర్ పరీక్షల మధ్యలో మొదలుపెట్టవద్దు.

ఆ తర్వాత లినక్స్. ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉంచుకుంటే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చాక విండోస్ ఆ కీ అడగవచ్చు, లేకపోతే మీ ఫైళ్లు అందవు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లినక్స్‌కు కనీసం 60 జీబీ వదలండి.

కెర్నెల్ సోర్స్ హాట్‌స్పాట్ మీద పూర్తి చరిత్రతో క్లోన్ చేయకండి. అది రెండు జీబీలు దాటుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచే. డెప్త్ 1 ఇచ్చి షాలో క్లోన్ చేస్తే కొన్ని వందల ఎంబీతో అయిపోతుంది. ఒక వరుస ఎవరు ఎందుకు రాశారో వెతకాల్సిన రోజు పూర్తి చరిత్ర కావాలి. అప్పటికి కాలేజీ ల్యాబ్ నెట్‌లో కెర్నెల్.ఆర్గ్ ఇచ్చే బండిల్ ఫైల్ తెచ్చుకోండి. మామూలు డౌన్‌లోడ్ కాబట్టి తెగిన చోటి నుంచి కొనసాగుతుంది.

కంపైల్ చేయడానికి జీసీసీ, మేక్‌తోపాటు ఫ్లెక్స్, బైసన్, బీసీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌ఎల్ఫ్, ఎన్‌కర్సెస్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు పెట్టుకోండి. డిస్ట్రో కాన్ఫిగ్‌ను ఉన్నదున్నట్టు వాడితే వేల మాడ్యూల్స్ కంపైలవుతాయి, డీబగ్ సమాచారంతో కలిపి 20 జీబీ పైనే తినేస్తుంది. ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ వాడండి, ఆ క్షణంలో లోడై ఉన్న మాడ్యూల్స్ మాత్రమే ఉంచుతుంది. అందుకే ఆ కమాండ్‌కు ముందు పెన్‌డ్రైవ్, బ్లూటూత్, ఫోన్ టెథరింగ్ అన్నీ ఒకసారి వాడండి. లేకపోతే కొత్త కెర్నెల్‌లో అవి పనిచేయవు, కారణం తెలియక తల పట్టుకుంటారు. డీబగ్ ఇన్ఫో ఆపేయండి. ఉబుంటులో కాననికల్ సర్టిఫికెట్ ఫైల్ లేదని బిల్డ్ ఆగితే, కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ రెండూ ఖాళీ చేయాలి. 8 జీబీ ర్యామ్‌లో నాలుగు జాబ్‌లకు మించి ఇవ్వవద్దు, బ్రౌజర్ మూసేయండి. బిల్డ్ మధ్యలో ‘కిల్డ్’ అని ఒక్క మాట వచ్చిందంటే మెమరీ అయిపోయి కెర్నెలే కంపైలర్‌ను ఆపేసింది.

లోకల్‌వెర్షన్‌లో మీ గుర్తు ఒకటి పెట్టండి, బూటయ్యాక ‘యూనేమ్ -ఆర్’లో అది కనిపించాలి. ‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’ అంటూ బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ అడ్డుకుంటోంది, మీ కెర్నెల్‌కు సంతకం లేదు కదా. పాత కెర్నెల్‌ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

ఇక ప్యాచ్, అంటే కోడ్‌లో మీరు చేసిన మార్పు, పంపడం. గిట్‌హబ్‌లో లినక్స్‌కు పుల్ రిక్వెస్ట్ పెట్టినా ఎవరూ తీసుకోరు, అక్కడున్నది నకలు మాత్రమే. ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే వెళ్లాలి. డ్రైవర్స్/స్టేజింగ్ ఫోల్డర్‌లో శైలి దిద్దాల్సిన కోడ్ ఉంటుంది. చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ చూపించిన ఒక తప్పు దిద్ది పంపడం, పంపే పద్ధతి నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది. ఒకటి చాలు. ఖాళీలూ ట్యాబులూ దిద్దే ప్యాచ్‌లు పాతిక పంపితే రెజ్యూమేలో సంఖ్య పెరుగుతుంది గానీ మీకు కెర్నెల్ ఒక్క మెట్టు కూడా దగ్గర కాదు. రెండోది మీ సొంత ల్యాప్‌టాప్‌లోనే వెతకండి. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో వచ్చే హెచ్చరికలు, పనిచేయని ఫంక్షన్ కీ, నిద్ర నుంచి లేవని టచ్‌ప్యాడ్. ఆ హార్డ్‌వేర్ మీ చేతిలో ఉంది, పరీక్షించి చూపగలిగేది మీరే. కెర్నెల్‌ను తనంతట తానే పరీక్షించే సిజ్‌బాట్ బయటపెట్టే బగ్ రిపోర్టుల్లో రీప్రొడ్యూసర్ (ఆ బగ్‌ను మళ్లీ తెప్పించే ప్రోగ్రామ్) ఉన్నవి కూడా మంచి సాధన.

పంపే ముందు ఇవి చూసుకోండి. కంపైల్ చేశారా, బూట్ చేశారా. గెట్-మెయింటెయినర్ స్క్రిప్ట్ చెప్పిన వాళ్లందరికీ, మెయిలింగ్ లిస్టుకూ వెళ్తోందా. కమిట్ సందేశంలో ఏం మార్చారో కన్నా ఎందుకు మార్చారో ఉందా. చివర సైన్డ్-ఆఫ్-బై వరుస ఉందా. ప్యాచ్‌ను జీమెయిల్ వెబ్ పేజీలో పేస్ట్ చేయకండి, ట్యాబులు ఖాళీలుగా మారి, పొడవు వరుసలు విరిగి, అవతలివాళ్ల దగ్గర అప్లై కాదు. గిట్ సెండ్-ఈమెయిల్ వాడండి. జీమెయిల్‌తో అయితే టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మొదట మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ను గిట్ ఏఎమ్‌తో అప్లై చేసి చూడండి.

జవాబుకు ఒకటి రెండు వారాలు ఆగండి. కెర్నెల్ తొమ్మిది పది వారాలకోసారి విడుదలవుతుంది, విడుదలైన వెంటనే వచ్చే రెండు వారాల మెర్జ్ విండోలో (కొత్త మార్పులు చేర్చుకునే సమయం) మెయింటెయినర్లకు (ఆయా భాగాల బాధ్యులకు) ఊపిరాడదు. మార్పులు చెబితే అదే మెయిల్‌లో, వాళ్ల మాట కిందే సమాధానం రాయండి. రెండో రూపానికి ‘వీ2’ అని పెట్టి, ఏం మారిందో మూడు గీతల కింద చెప్పండి. ఏఐ రాసిచ్చిన ప్యాచ్‌ను అర్థం చేసుకోకుండా, పరీక్షించకుండా పంపవద్దు. 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు తప్పులున్న ప్యాచ్‌లను కావాలనే పంపిన సంగతి బయటపడ్డాక, లినక్స్ ముఖ్య మెయింటెయినర్లలో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ యూనివర్సిటీ నుంచి వచ్చేవాటిని ఆపేసి పాతవాటిని కూడా తిరిగి పరిశీలించారు. అక్కడ చెల్లేది నమ్మకం.

సొంత ఓఎస్ సంగతి. రాయండి, కానీ ఎక్స్‌వీ6 అయ్యాకే. ముందే మొదలుపెట్టినవాళ్లు 512 బైట్ల బూట్ సెక్టర్, రియల్ మోడ్, తెర మీద నాలుగు అక్షరాలు అనే దగ్గరే నెలల తరబడి ఆగిపోతుంటారు. అదంతా పాత పీసీల బూటింగ్ పద్ధతి. షెడ్యూలర్, వర్చువల్ మెమరీ దాకా వెళ్లేసరికి ఓపిక అయిపోతుంది.

తెలుగు చదవడం, రాయడం వచ్చిన విద్యార్థికి ఇంకో తలుపు తెరిచే ఉంది. లినక్స్ టెక్స్ట్ కన్సోల్‌లో తెలుగు రాదు. ఆ కన్సోల్ ఫాంట్‌లో 512 గుర్తులకు మించి పట్టవు, ఒక గడికి ఒక అక్షరం అన్న లెక్కలో ఒత్తులు కూర్చే ఏర్పాటు లేదు. గ్రాఫికల్ డెస్క్‌టాప్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. అయినా చాలా టెర్మినల్ ప్రోగ్రాముల్లో ‘స్త్రీ’ అని రాసి కర్సర్ కదిపితే తప్పు చోట నిలబడుతుంది. ఏ ప్రోగ్రామ్‌లో, ఏ వెర్షన్‌లో, ఏ అక్షరానికి అలా అవుతోందో తేల్చి బగ్ రాయడం తెలుగు తెలియనివాళ్ల వల్ల కాని పని. నోమ్ డెస్క్‌టాప్ అనువాదాల్లో కూడా చేతులు కావాలి. అక్కడ గుర్తుంచుకోవాల్సింది, ఒక వాక్యంలో రెండు ‘పర్సెంట్-ఎస్’లు (ప్రోగ్రామ్ పేర్లు నింపే చోట్లు) ఉంటే తెలుగులో వాటి వరుస తిరగబడవచ్చు. నంబర్లు ఇచ్చి రాయకపోతే ఫైల్ పేరు వచ్చే చోట ఫోల్డర్ పేరు వస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది, ఇంజనీరింగ్ కాలేజీల్లో దాని బృందాలున్నాయి. మీ కాలేజీలో ఉందేమో అడగండి.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. అందులో సగం నిజం. ఏ కంపెనీకైనా ఆన్‌లైన్ టెస్ట్ దాటాలంటే డీఎస్‌ఏ కావాల్సిందే, దానికి రోజూ గంట కేటాయించండి. కెర్నెల్, డ్రైవర్, ఫర్మ్‌వేర్ ఉద్యోగాలు మాత్రం వేరు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ లాంటి చిప్ కంపెనీల్లో అవి ఉంటాయి. ఇంటర్వ్యూలో సీ పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, స్పిన్‌లాక్ ఎప్పుడు మ్యూటెక్స్ ఎప్పుడు, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఎందుకు నిద్రపోకూడదు, పేజ్ ఫాల్ట్ వస్తే వరుసగా ఏం జరుగుతుంది అని అడుగుతారు. కాపీ-ఆన్-రైట్ సొంతంగా రాసినవాళ్లు వీటికి తడుముకోరు. రెజ్యూమేలో ‘నాలుగు డిస్ట్రోలు వాడాను’ అన్నది తీసేయండి. కోడ్ లింకుతో ఆ ప్రాజెక్టు, ఫోర్క్‌కు ముందూ వెనకా మీ ఫ్రీమెమ్ లెక్కలు పెట్టండి.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు సంస్థల జాబితా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చిలో మొదలవుతాయి. జాబితా వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. నచ్చిన ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులో డిసెంబర్ నుంచే చదవడం, చిన్న బగ్గులు దిద్దడం మొదలుపెట్టండి. లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్‌లో కెర్నెల్ బగ్ ఫిక్సింగ్ ఉంది, చేర్చుకునే ముందు చేయాల్సిన పనులు ఇస్తారు. కెర్నెల్‌ను ఒకసారి కంపైల్ చేసి, ఒక ప్యాచ్ పంపి ఉంటే వాటిలో చాలావరకు మీకు అప్పటికే చేతికి వచ్చి ఉంటాయి.